కౌల్‌బజారు చీటీకి టీకా తాత్పర్యం

మూలము:
తోమి కడుగు. పేపరుతో ఉజ్జు. ప్రైమర్ హచ్చు. మూడు కోట్లు కొట్టు. పుట్టి పెట్టు. జింకు ముట్టకు.

అవతారిక: మా బావ తుంగభద్ర డ్యాం వెనకనీళ్ళలో తిప్పే పడవకని పాత మోటారొకటి కొన్నాడు. పడవ వెనక చెక్కకు బిగించి నీళ్ళలోకి వేలాడదీసే రకం. పైన టోపీ, కింద కాలు, కాలికి పంకా. నలుపు పొరలు పొరలుగా లేచి, చూడటానికి గజ్జికుక్కలా ఉంది. బళ్ళారి కౌల్‌బజారులో కార్లకు రంగులేసే పెద్దాయనను అడిగితే, చేతిలో పని ఆపకుండానే సిగరెట్టు పెట్టె అట్ట మీద పై ఆరు వాక్యాలు గీకి ఇచ్చాడు. (మోటారు టోపీని ఇంగ్లీషులో కౌల్ అంటారు గనుక బజారుకు ఆ పేరు వచ్చిందని బావ వాదం. అలాంటి మోటార్లు పుట్టకముందే ఆ బజారు ఉంది కాబట్టి ఆ వాదం చెల్లదు.)

చీటీ లిపి కన్నడం. భాష సగం తెలుగు, సగం కన్నడం. 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకూ, బళ్ళారి మైసూరుకూ పోయాయి గాని, గీత గీసినవాళ్ళు క్రియాపదాలు పంచడం మరిచారు. అందుకే ఈ టీక. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ. అదే ఇంటిపేరుగల కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసిన ఊరు బళ్ళారి. ఆ గౌరవంతో ప్రతిజ్ఞలో మొదటి సగం నేనూ పాటిస్తాను.

తోమి కడుగు: తోమి = జిడ్డు, పాచి పోయేలా సబ్బునీళ్ళతో రుద్ది. ఆపైన వేలిముద్రలు కూడా మిగలకుండా థిన్నర్ గుడ్డతో తుడవాలని అధ్యాహారం. బళ్ళారిలో గుడ్డకు కరువు లేదు, జీన్స్ కుట్టేచోట కత్తిరింపు ముక్కలు సంచులకొద్దీ దొరుకుతాయి. ఉతకని ముక్క మాత్రం తన నీలాన్ని కూడా మోటారుకు అంటిస్తుంది.

శంక: మోటారు కాలి మీది ఎరుపు తుప్పు కదా? సమాధానం: కాదు. కాలు అల్యూమినియం. అది చెడితే రంగు కింద బొబ్బలు లేస్తాయి, గోటితో గీరితే తెల్లపొడి రాలుతుంది. ఈ ఎరుపు సండూరు దిక్కు నుంచి వచ్చే ఇనుప ఖనిజం లారీల ధూళి. తడిగుడ్డతో పోయింది.

పేపరుతో ఉజ్జు: ఉజ్జు = రుద్దు, కన్నడం. పేపరు = గరుకు కాగితం. బొబ్బలున్నచోట 120 నంబరు, తరువాత 320, చివర 400 నీళ్ళతో. వార్తాపత్రిక అని కొందరు. అదీ కావాలి గాని రుద్దడానికి కాదు, రంగు పడకూడనిచోట కప్పడానికి. నీళ్ళు పీల్చే జాలీ, నీళ్ళు చిమ్మే బెజ్జం, పంకా ఇరుసు ముఖ్యం. ఇంజను ఒళ్ళు చల్లబడేది ఆ జాలీలోంచి వచ్చే నీటితోనే. దాన్ని రంగుతో పూడిస్తే కొత్త నలుపుతో నిగనిగలాడుతూ మాడిపోతుంది.

ప్రైమర్ హచ్చు: హచ్చు = పూయు. కన్నడంలో దీపం వెలిగించడానికీ ఇదే మాట. పక్కన థిన్నర్ డబ్బా మూత తీసి ఉంది కాబట్టి ఇక్కడ ఆ అర్థం గ్రాహ్యం కాదు. ఏ ప్రైమర్ అన్నది చెప్పకపోవడమే మూలంలో చిక్కు. బావ ఇంటి గ్రిల్లుకు పూయగా మిగిలిన రెడాక్సైడ్ పూశాడు. అది ఇనుముకు చుట్టం, అల్యూమినియాన్ని పట్టదు. నాలుగోనాడు గోరు పెడితే వేరుశనగ పొట్టులా లేచొచ్చింది. లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ వేరే ఉంది. మళ్ళీ రుద్ది, అది పూశాడు.

మూడు కోట్లు కొట్టు: శ్లేష. ఏకవచనం కోటి అయితే డబ్బు, కోటు అయితే పూత. బావ జాతకరీత్యా రెండోదే. కొట్టు = స్ప్రే చేయి. పల్చగా ఒక కోటు, ఆరనిచ్చి ఇంకొకటి. మే నెల బళ్ళారి మధ్యాహ్నం కొడితే రంగు గాల్లోనే ఎండి ఇసకలా పడుతుంది, అందుకని పొద్దున్నే కొట్టాడు. ఆరబెట్టిన టోపీ మీద కనిపించే త్రిశూలాకార చిహ్నాలు మూలంలో లేవు. వాటి సంగతి తరువాత.

సూది, కాగు రెండూ చేయమంటే కమ్మరి సూదినే ముందు చేసి ఇస్తాడు. ఆ సూచీకటాహ న్యాయం చొప్పున జింకును ముందు ముగిస్తాను.

జింకు ముట్టకు: జింకు = కాలికి బిగించిన చిన్న లోహపు దిమ్మె. అల్యూమినియాన్ని తినాల్సిన నీరు ముందు దీన్ని తింటుంది. దధీచి లాంటిది. దానికీ అందంగా నలుపు పూస్తే దధీచికి రెయిన్‌కోటు తొడిగినట్టే. నీళ్ళు దాన్ని వదిలి కాలి మీద పడతాయి.

పుట్టి పెట్టు: ఇక కాగు. బావ పాఠం 'పుట్టీ', అంటే గుంటలు పూడ్చే ముద్ద. కన్నడంలో దీర్ఘానికి అక్షరం పక్కన విడిగా కొక్కెం వస్తుంది, అది అట్ట అంచున తెగిపోయిందంటాడు. రంగు మూడు కోట్లయ్యాక పుట్టీ ఏమిటని ఆక్షేపిస్తే జవాబు మీమాంసలో దొరికింది. వేదంలో అగ్నిహోత్రం ముందు చెప్పి, గంజి కాచడం తరువాత చెప్పినా, కాచేది ముందే. పాఠక్రమం కంటే అర్థక్రమం బలవత్తరం. ఆ ప్రకారం పుట్టీ ముందే పెట్టేశాడు.

మా మామ పాఠం వేరు. పుట్టి అంటే ఏట్లో తిరిగే పుట్టే, మోటారు పీకేసి పుట్టి పెట్టమని హితవు. 1520 ప్రాంతంలో విజయనగరానికొచ్చిన పోర్చుగీసు డొమింగో పేస్ ఆనెగొంది రేవులో వీటిని చూసి రాశాడు. బుట్టలా గుండ్రం, బయట తోలు, పదిహేను ఇరవైమంది పడతారు, తిన్నగా పోక గిరగిరా తిరుగుతాయి. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టా వచ్చింది, మీద తారు. ప్రైమర్ లేదు, జింకు లేదు. నాకు మామ పక్షమే నచ్చింది.

ఇరవై తూముల పుట్టి అన్న అర్థం ఇక్కడ పొసగదు. కన్నడంలో పుట్టి అంటే చిన్నపాప కూడా. మా అక్క ఇంట్లో మేనకోడలి పిలుపు అదే. చీటీలో ఉంది గదా అని ఆరుతున్న టోపీ దగ్గర ఆమెను కాపలా పెట్టారు. అరగంట కూర్చుని ఆటకు పోయింది.

సందేహం తీరక టోపీ చంకలో పెట్టుకుని మూలకారుడి దగ్గరికే పోయాం. ఆయన చీటీని వెలుతురుకు పట్టి చదివాడు. తరువాత టోపీ మీది త్రిశూలాలను వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

"ఆరేదాకా మీద పుట్టి బోర్లించల్ల గదప్పా, గంప! మీ ఇంట్లో కోళ్ళున్నట్టుండాయే?"