‘ఇంగొక్క పేజీ’: టీకా తాత్పర్య సహితం

అవతారిక

పద్యం చెప్పేముందు సందర్భం చెప్పాలి. పదో తరగతి పిల్లలకు ఏటా నేను చెప్పే మొదటి మాట ఇదే గనక నేనూ తప్పకూడదు. స్థలం, ప్రొద్దుటూరులో మా వంటింటి గడప. కాలం, రాత్రి ఎనిమిదింబావు. పొయ్యి మీద కుక్కరు, కుక్కర్లో కందిపప్పు. హాల్లో ఆరో తరగతి లెక్కలు, మూడో తరగతి ఏడుపు, మామ చూసే వార్తలు. నాయిక గడప మీద కూర్చుని ఉంది. గడప మీద కూర్చుంటే ఇంటికి దరిద్రమని అత్త సిద్ధాంతం. కానీ ఒక చెవి కుక్కరుకూ ఒక చెవి పిల్లలకూ ఇచ్చేసి, కళ్లు రెండూ తనకే ఉంచుకోవాలంటే ఆ ఇంట్లో ఇంకో చోటు లేదు. చేతిలో ఉన్నది అగాథా క్రిస్టీ నవల, ఇంగ్లీషులో. అందులో ఒకడు చచ్చి అప్పటికి మూడు రోజులు. నవల రోజులు కావు, మా ఇంటి రోజులు. పెరట్లోంచి అత్త, “కుక్కరు కూసి కూసి సస్తాండాది, ఏం సేస్తాండావ్ మే?” అని కేకేసింది. అప్పుడు నాయిక నోట వెలువడిన వాక్యం ఇది.

మూలం

ఇంగొక్క పేజీ సదివి వస్తాండా, ఉండత్తా.

మూలం నాదే, వ్యాఖ్యా నాదే. తన గ్రంథానికి తానే వ్యాఖ్య రాసుకుంటే శాస్త్రంలో స్వోపజ్ఞం అంటారు, మా వీధిలో సొంత డబ్బా అంటారు. మూలంలో లేనిదేదీ రాయనని మల్లినాథ సూరి ప్రతిజ్ఞ పట్టాడు. నేను అట్లాంటి ప్రతిజ్ఞలేవీ పట్టడం లేదు. నేను పుట్టింది పులివెందులలో, మెట్టింది ప్రొద్దుటూరులో, తెలుగు పండితురాలిగా జీతం తీసుకునేది జమ్మలమడుగు వైపు ఒక బడిలో. ఈ మూడూళ్ల మధ్య తిరిగే మనిషికి పుస్తకం చదివే తీరిక ఎక్కడిదని అడిగేవాళ్లు కింది ప్రతిపదార్థం చూడవచ్చు.

ప్రతిపదార్థం

ఇంగొక్క: ఇంగ + ఒక్క, అకార సంధి. ‘ఇంగ’ అంటే ఇక, ఇంకా. ‘ఒక్క’ చూడ్డానికి సంఖ్యావాచకమే గానీ ఇక్కడ ముఖ్యార్థం కుదరదు, లక్షణ చెప్పుకోవాలి. లక్ష్యార్థం నాలుగని నేనంటాను, తొమ్మిదని మా కొడుకు లెక్క. వాడు ఒకరోజు పక్కన కూర్చుని మరీ లెక్కపెట్టాడు.

పేజీ: ఇది స్థలవాచకం కాదు, కాలవాచకం. మా ఇంటి కాలమానంలో రెండు విజిళ్లు ఒక పేరా, ఆరు విజిళ్లు ఒక పేజీ. కందిపప్పు మెత్తబడడానికి నాలుగు చాలు. ఈ నాలుక్కీ ఆరుకీ నడుమ ఉన్న తేడానే మా వంటింట్లో వాసన. బస్సులో లెక్క వేరు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ఇరవై చిల్లర కిలోమీటర్లు. సీటు దొరికితే నాలుగు పేజీలు, నిలబడితే సున్నా. సీటు దొరికినా పక్కామె ఊరుకోదు. పెద్దామె ఇంగ్లీషు పుస్తకం పట్టుకుంటే అది పరీక్షకేనని మా వైపు నమ్మకం. “గ్రూప్ టూకా మ్మా?” అని అడిగింది ఒకామె. అట్ట మీద రక్తం కారుతున్న కత్తి ఉంది. “అవును” అన్నాను.

తెలుగులో ఈ బాధ లేదు. పులివెందులలో చిన్నప్పుడు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నూ మధుబాబు షాడోనూ అద్దెకు తెచ్చుకునేవాళ్లం. అద్దె రోజు లెక్కన, కాబట్టి రాత్రికి రాత్రే హంతకుణ్ణి పట్టేసి పొద్దున్నే షాపులో ఇచ్చేయాలి. కనుమ దిగే లారీ మాదిరి చదువు అది. మలుపులో ఏముందో చూసే పని లేదు, బ్రేకు పట్టదు. ఇంగ్లీషులో నేను ఎద్దుల బండి. దారిలో ప్రతి రాయీ చక్రానికి తెలుస్తుంది.

సదివి: ‘చదివి’కి ప్రాంతీయ రూపం. వ్యాకరణంలో క్త్వార్థకం, అంటే ముందు ఒక పని పూర్తిచేసి తరవాత ఇంకొకటి చేయడం. ఈ ప్రయోగంలో ముందు పని పూర్తి కాదు. ఎందుకు కాదో ఇక్కడ కాస్త విస్తరించాలి, పాఠకులు మన్నించాలి.

క్రిస్టీ నవలల్లో మనుషులు మాటిమాటికీ ‘ఫ్రెంచ్ విండో’ లోంచి తోటలోకి నడిచి వెళ్తుంటారు. విండో అంటే కిటికీ. మా ఇంట్లో కిటికీకి వేలు లావు ఇనుప చువ్వలు ఉంటాయి, పిల్లి కూడా ఒళ్లు పిండుకుని దూరాలి. నిలువెత్తు కల్నల్ దొర టీ కప్పుతో సహా కిటికీలోంచి ఎట్లా పోయినాడు? ఇదే ఈ కథలో కీలకమనీ, చివర్లో డిటెక్టివు ఈ చువ్వల సంగతే తేలుస్తాడనీ నేను రెండు నవలల పాటు కాచుకున్నాను. తేల్చలేదు. అది తోటలోకి తెరుచుకునే అద్దాల తలుపు. ఇంగ్లండులో ఎవరూ దాన్ని వింత అనుకోరు గనక ఎవరూ విప్పి చెప్పలేదు.

1942లో వచ్చిన ‘ది బాడీ ఇన్ ది లైబ్రరీ’ ఇంకా కష్టపెట్టింది. లైబ్రరీ అనగానే నాకు శాఖా గ్రంథాలయం కళ్లబడింది. వాకిట్లో సైకిళ్లు, పొడుగు బల్ల మీద దినపత్రికలు, దారం కట్టిన పెన్ను, సంతకాల రిజిస్టరు. అక్కడ పొద్దున్నే శవం పడి ఉంటే పేపరు కోసం వచ్చిన రిటైర్డు మేష్టర్లు గొడవ చేయకుండా ఉంటారా? ముందు పేపరు చదివి తరవాత చేస్తారేమో, అది వేరే సంగతి. తీరా చూస్తే అది కల్నల్ బాంట్రీ అనే ఆయన ఇంట్లో ఒక గది. సొంత ఇంట్లో లైబ్రరీ ఉండేవాళ్లు ఉంటారని నేను ఊహించలేదు.

‘కల్నల్’ అన్నాను గదా, ఆ మాటనూ చాలాకాలం ‘కలోనెల్’ అనే చదివాను. ఇంగ్లీషు మీడియం కొడుకు విని, “కర్నల్ మ్మా” అని దిద్దాడు. అందులో ‘ర’ ఎక్కడుందిరా అంటే, ఉండదు గానీ పలకాలన్నాడు. ఆ పూట అత్తకు కథ చెబుతూ కర్నల్ అంటే ఆమె, “కర్నూలోళ్లా?” అని అడిగింది. ఇంక డిటెక్టివు పేరు. మూడు నవలలు ఆయన నాకు ‘పాయిరాట్’. ప్వారో అని తెలిసిన రోజు, ఇన్నాళ్లూ పక్కింటాయన్ను తప్పు పేరుతో పిలిచినంత సిగ్గు వేసింది.

ఇంతకూ చెప్పవచ్చేదేమంటే, అపరాధ పరిశోధన నవల రాసేవాళ్లు ఆధారాన్ని మామూలు సామాన్ల మధ్య దాస్తారు. పూలకుండీ, టీ కప్పు, మాసిన కోటు, వీటిని పాఠకుడు చూసీ చూడనట్టు పోతాడని వాళ్ల ధీమా. కానీ ఏదీ మామూలు కాని పాఠకురాలి దగ్గర ఆ పప్పు ఉడకదు. నాకు పూలకుండీ మీదా అనుమానమే, దాన్ని పెట్టిన కిటికీ గట్టు మీదా అనుమానమే. అర్థం తెలియని ప్రతి మాటా వాంగ్మూలం ఇవ్వాల్సిందే. ముందు మాటను పట్టుకోవాలి, తరవాత మనిషిని.

ఒక్కోసారి పట్టుకున్న మాట మన ఊరిదే అవుతుంది. క్రిస్టీ మొదటి నవల 1920లో వచ్చింది. అందులో విషం పేరు స్ట్రిక్నిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆమె ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది గనక విషాల సంగతి ఆమెకు తూకంతో సహా తెలుసు. శంకరనారాయణ నిఘంటువు పట్టుకుని కూర్చుని, ఆ దారీ ఈ దారీ తిరిగి చివరికి తేల్చిందేమంటే, స్ట్రిక్నిన్ తీసేది ముష్టి గింజల్లోంచి. ముష్టి చెట్టు మన తూర్పు కనుమల అడవుల్లో పెరిగేదే. దొరసానిని చంపిన మందుకు పుట్టిల్లు మన వైపేనని తెలిసి నాకు కలిగిన గర్వం పైకి చెప్పుకోదగింది కాదు.

ఇంకొకటి. 1926లో వచ్చిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’లో ఒక వాక్యం దగ్గర నా బండి నిలబడిపోయింది. మాటలన్నీ తెలిసినవే. పని జరిగింది సరే, ఏం పని? క్రియ ఉంది, కర్మ పొగమంచులో ఉంది. పిల్లల పద్యాలకు అన్వయం రాసే మనిషిని, ఇది నాకు అన్వయించలేదు. పెన్సిలుతో కింద గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, బస్సు దిగిపోయాను. చివరి అధ్యాయంలో పుస్తకమే ఆ వాక్యాన్ని తిరిగి ఎత్తి చూపించింది, మొత్తం హత్య అందులో ఉందని. నా గీత అక్కడే ఉంది. నేను కనిపెట్టలేదు, నాకు అర్థం కాలేదు, అంతే. అయినా ఆ పేజీ ఇద్దరు ముగ్గురు టీచర్లకు చూపించాను, ప్రశ్నార్థకం మీద బొటనవేలు పెట్టి.

వస్తాండా: వస్తున్నాను. రూపం వర్తమానం, అర్థం భవిష్యత్తు, భావం నిషేధం. కడప జిల్లాలో ఫోనులో ‘వస్తాండా’ అన్న మనిషి ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నాడని అందరికీ తెలుసు.

ఉండత్తా: ఉండు + అత్తా, ఉకార సంధి. ఆ పూటకు అత్తాకోడళ్ల మధ్య జరిగిన సంధి ఇదొక్కటే. ఏకవచనం ఎందుకంటే ఆమె నాకు మేనత్త.

తాత్పర్యం

రాదు.

శంకలు

ఇంగ్లీషు నాకు రెండో భాష అనుకుంటాను, కానీ ద్వితీయ భాష అంటే ఏది? ప్రభుత్వం వారి పాఠ్య ప్రణాళికలో ప్రథమ భాష తెలుగు, ద్వితీయ భాష హిందీ, ఇంగ్లీషు తృతీయ భాష. కాబట్టి రెండో భాషలో డిటెక్టివ్ నవల అంటే హిందీ నవల అని పూర్వపక్షం. జాబితా ప్రభుత్వానిది, గడప నాది. పద్నాలుగు భాషలు వచ్చని చెప్పుకునే పుట్టపర్తి నారాయణాచార్యులు పాఠాలు చెప్పిన ఊరు మా ప్రొద్దుటూరు. అగస్త్యేశ్వరుడి గుళ్లో ఆయన శివతాండవం పుట్టిన ఊరు. అట్లాంటి ఊళ్లో రెండో భాషకే ఇంత ఆయాసపడతారా అని ఎవరైనా అడిగితే దానికి సమాధానం లేదు, తల వంచుకోవడమే.

వచ్చీరాని భాషతో నేరాలు పట్టడం సాధ్యమా? ప్వారోకు ఇంగ్లీషు సొంత భాష కాదు. బెల్జియం నుంచి శరణార్థిగా వచ్చినవాడు. ఒక నవల చివర ఆయనే బయటపెడతాడు, తాను కావాలనే ఇంగ్లీషు విరిచి మాట్లాడతానని, అప్పుడు ఇంగ్లీషు వాళ్లు తనను లెక్కచేయక నోరు జారుతారని. మా ఊరి బంగారం అంగట్లో నేనూ ఇదే పద్ధతి పాటించాను. తరుగు గురించి ఏమీ తెలియనట్టు కూర్చున్నాను. ప్వారోకు పనిచేసింది, నాకు చేయలేదు.

విశేషాంశాలు

టీక అనేది తెలిసినవాళ్ల కోసం పుట్టలేదు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌన్ దొర తెలుగు కావ్యం తెరిస్తే ఏం కనిపించి ఉంటుందో నాకు బాగా తెలుసు, ఫ్రెంచ్ విండోలే. ఆయన పండితులను జీతాలకు పెట్టి ప్రతులు సరిచూపించాడు, వ్యాఖ్యలు రాయించాడు. జూలూరి అప్పయ్య పంతులు వ్యాఖ్యతో వసుచరిత్ర 1844లోనూ, మనుచరిత్ర 1851లోనూ ఆయన పూనికతో అచ్చయ్యాయి. కడపలో ఆయన బంగళా ఉండిన చోటనే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. మనుచరిత్రకు ఈనాడు నేను తరగతిలో చెప్పే అర్థాల వెనక ఒక ఇంగ్లీషువాడి అయోమయం కొంత ఉంది. నా అయోమయానికి మాత్రం జీతగాళ్లు లేరు. ఆరో తరగతి కొడుకు ఉన్నాడు, ఫోను ఉంది, పండగ రోజుల్లో ఆ ఆసరా కూడా ఉండదు. దసరాకు ప్రొద్దుటూరు అమ్మవారిశాల చూడ్డానికి చుట్టాలంతా మా ఇంటికే దిగుతారు. ఒక చిన్నాయన పులివెందుల నుంచి గోనెసంచి చీనీకాయలతో వస్తాడు. ఆ పది రోజులూ హంతకులందరికీ సెలవు.

అత్తకు ఇంగ్లీషు రాదు. కానీ పప్పు మాడిందంటే ఎందుకు మాడిందో తెలుసుకోవాలి గదా, అట్లా కథ వినడం మొదలైంది. ఆమె పద్ధతిలో కిటికీలూ పూలకుండీలూ ఉండవు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, గడియారం ఎంత కొట్టిందో ఆమెకు అక్కర్లేదు. “ఆస్తి యా పక్కకు పోతాది?” ఒక్కటే ప్రశ్న. భాగపరిష్కారాలూ పాసుబుక్కులూ కోర్టు వాయిదాలూ చూసిన మనిషి. ఈ ఒక్క సూత్రంతో ఆమె క్రిస్టీని సగానికి సగం ఓడించింది, మిగతా సగంలో నాతో పాటు ఓడిపోయింది.

ఒకరోజు నవల బదులు రాసినామె కథ చెప్పాను. 1926 డిసెంబరు 3 రాత్రి క్రిస్టీ కారేసుకుని ఇంట్లోంచి వెళ్లిపోయింది. కారు ఒకచోట దొరికింది, మనిషి లేదు. పోలీసులూ జనమూ వేలమంది గాలించారు. పదకొండు రోజుల తరవాత హారొగేట్ అనే ఊళ్లో ఒక హోటల్లో కనిపించింది, వేరే పేరుతో. “ఏం పేరు?” అంది అత్త. మొగుడు మనసుపడిన ఆమె ఇంటిపేరు పెట్టుకుందని చెప్పాను. అత్త చేట కింద పెట్టింది. “ఇంగ వేలమంది ఎందుకు మే ఎతికేది?” అంది. ఆత్మకథలో క్రిస్టీ ఆ పదకొండు రోజుల గురించి ఒక్క మాటా రాయలేదన్నాను. “ఎవురు రాస్తారు?” అని మళ్లీ చేట అందుకుంది. చాలాసేపు బియ్యంలో రాళ్లే ఏరింది.

పాఠాంతరం

పై మూలానికి ఈమధ్య ఒక పాఠాంతరం దొరికింది. ఇందులో వాక్యం అత్తది. స్థలం అదే గడప, కాలం రాత్రి తొమ్మిది, పొయ్యి మీద పాలు. పేజీ తిప్పబోయి నేనే మనసు చంపుకుని పుస్తకం మూశాను.

“యాడికి పోతావ్? ఇంగొక్క పేజీ సదువు. ఆ నర్సు ఏమనిందో సెప్పి పో.”

ఇందులో ‘ఒక్క’కు అర్థం పైన రాసిందే. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన వాసన మాకు ముందు రాలేదు, హాల్లో మామకు వచ్చింది. ఆయన వచ్చి చూసేసరికి ఇద్దరం గడప మీదే కూర్చుని ఉన్నాం.