వన్ టౌన్ వ్యూ బాక్స్ కథ

విశాఖ వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గరి ఓ ఎముకల డాక్టరుగారి గోడకు ఎక్స్‌రేలు పెట్టి చూసే ఈ వ్యూ బాక్స్‌ను బిగించారు. ముందు తెల్లని పలక, వెనక ట్యూబులైట్లు. తన మీద పెట్టిన ఎక్స్‌రే ఫిల్ములే దీని చదువు.

పోర్టు పనిలో విరిగిన చేతులు, బండి మీంచి పడి చిట్లిన కాళ్లు రోజూ వస్తాయి. అవి తేలడానికి క్షణం చాలు. దెబ్బేమీ తగలకుండానే రూపు మారిన పిల్లల ఎముకలు వచ్చినప్పుడు మాత్రం డాక్టరుగారు కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు వేళ్ల కణుపులు లావెక్కి, నడక బిగుసుకుపోయే పిల్లలుంటారు. చాలామందికి అప్పటికే కీళ్లవాతం మందులు పడి ఉంటాయి. కీలు ముట్టుకుంటే వేడుండదు, వాపును పట్టే రక్తపరీక్ష ఈఎస్‌ఆర్ మామూలుగానే వస్తుంది. ఫిల్ము పెడితే వేళ్ల ఎముకల చివరలు వెడల్పుగా, వెన్నుపూసలు అణిగిపోయి కనిపిస్తాయి. అది ప్రోగ్రెసివ్ సూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా, సీసీఎన్6 జన్యువులో లోపం. కీళ్లవాతం మందులతో అది తగ్గదు. మేనరికాల కుటుంబాల్లో ఇలాంటి జబ్బులు ఎక్కువ. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు. ఇలాంటి బిడ్డ పుట్టినందుకు తల్లిని తప్పుపట్టే ఇళ్లవాళ్లు ఈ లెక్క తప్పక తెలుసుకోవాలి.

ఇలాంటి ఎముకల జబ్బుల్లో ఏది వచ్చిందో ఒక్క ఫిల్ముతో తేలదు. పుర్రె, వెన్ను, తుంటి, మోకాళ్లు, చేతులు అన్నీ కలిపి చూడాలి. నడుము పూసల్లో పెడికిల్స్ (పూస వెనక ఉండే రెండు కాడలు) మధ్య ఎడం కిందికి పోయేకొద్దీ పెరగాలి, పొట్టితనం తెచ్చే ఎకాండ్రోప్లేసియాలో తగ్గుతుంది. మార్కియో జబ్బులో పూస ముందంచు నాలుకలా పొడుచుకొస్తుంది. ఎముక మరీ చిక్కబడిపోయే ఆస్టియోపెట్రోసిస్‌ను హాంబర్గ్ వైద్యుడు ఆల్బర్స్ షోన్‌బర్గ్ 1904లోనే ఎక్స్‌రేలో గుర్తించాడు. రంట్‌గెన్ ఈ కిరణాలను కనుగొని అప్పటికి తొమ్మిదేళ్లే.

2023 అంతర్జాతీయ జాబితాలో 771 వంశపారంపర్య ఎముకల జబ్బులు, 552 జన్యువులు ఉన్నాయి. ఎక్సోమ్ పరీక్ష వేలాది జన్యువులను ఒకేసారి చదివేస్తుంది, నిజమే. అందులో బయటపడిన మార్పుల్లో అసలు దోషి ఏదో తేల్చేటప్పుడు డాక్టర్లు మళ్లీ ఫిల్మే అడుగుతారు.

ఎదుగుదల ముగిసి ఎముకల చివరలు అతుక్కుపోయాక చాలా ఆనవాళ్లు చెరిగిపోతాయి. అందుకే చిన్నప్పటి ఎక్స్‌రేలు పారేయకండి. హైదరాబాద్ నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగానికి గానీ, మరే జన్యు వైద్యుల దగ్గరికి గానీ వెళ్లేటప్పుడు ఆ పాత కవర్లన్నీ వెంట తీసుకెళ్లండి.