ఇత్తడి పాము ఉంటేనే బేరం

నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. తుపాకీని నిటారుగా నిలబెట్టి, దాని ఎత్తుకు సరిపడా బీవర్ తోళ్లు పేరిస్తేగానీ కెనడాలో తోళ్ల వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ వాళ్లు ఇచ్చేవారు కారట. అందుకే లండన్ దొరలు గొట్టాన్ని ఏటికేడు పొడిగించుకుంటూ పోయారట. వినడానికి రంజుగానే ఉంటుంది, కానీ పచ్చి అబద్ధం. కంపెనీ కోటల్లో ప్రతి సరుకుకూ ధర ముందే కట్టి ఉండేది. లెక్కంతా ‘మేడ్ బీవర్’లో, అంటే ఒక మంచి బీవర్ తోలు విలువలో. 18వ శతాబ్దంలో తుపాకీ ధర పది నుంచి పద్నాలుగు తోళ్ల దాకా ఉండేది. అన్నీ పేర్చినా నా మోకాలి దాకా రావు. పైగా మా గొట్టాలు కాలం గడిచేకొద్దీ పొడుగవలేదు, పొట్టివయ్యాయి. నాలుగడుగులవి మూడున్నరకు, ఆపైన మూడుకు దిగాయి. ఎందుకంటే కొనేవాడు అలా అడిగాడు.

ఆ కథలో నాకు నచ్చనిది అదే. నన్ను కొన్నవాణ్ణి అమాయకుణ్ణి చేస్తుంది. అతను ఎంత గట్టి బేరగాడో నాకు తెలుసు.

ముందు నా పుట్టుక సంగతి. 1838లో లండన్‌లో పుట్టాను. నా లాక్, అంటే నిప్పు పుట్టించే మర, పలక మీద ‘బార్నెట్’ అన్న పేరూ ఆ సంవత్సరమూ చెక్కారు. నన్ను రైఫిల్ అనకండి. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటాయి. నాది నున్నటి గొట్టం, 24 బోరు. సరిగ్గా నా గొట్టంలో పట్టే సీసపు గుండ్లు పోతపోస్తే పౌనుకు 24 వస్తాయన్నమాట. కానీ నాకు వేసింది పౌనుకు 28 తూగే చిన్న గుండు. రైఫిల్‌లో బిగుతుగా ఉండే గుండును గుడ్డ చుట్టి కడ్డీతో దట్టించాలి. నాలో అయితే జారవిడిస్తే అదే దిగిపోతుంది. గురి కొంచెం తగ్గినా పని త్వరగా అవుతుంది. ఒకరోజు మూస్ దుప్పి కోసం గుండు, మర్నాడు బాతుల కోసం రవ్వలు. దక్షిణాన సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరుల రైఫిళ్లకు ఎంత పేరున్నా ఉండనీయండి, హడ్సన్ అఖాతం తీరాన వసంతంలో బాతులు దిగినప్పుడు ఆ రైఫిల్ పట్టుకున్నవాడు పస్తే.

లండన్ గన్‌మేకర్స్ కంపెనీ ప్రూఫ్ హౌస్‌లో మామూలుకంటే ఎక్కువ మందు కూరి నన్ను పేల్చి చూశారు. తట్టుకున్నాను కాబట్టి ముద్ర వేశారు. తర్వాత కొయ్య పెట్టెలో పడుకుని ఓడెక్కి, హడ్సన్ జలసంధి మంచుగడ్డల మధ్యగా యార్క్ ఫ్యాక్టరీ చేరాను. పేరు చూసి చిమ్నీలు ఊహించుకోకండి. ఫ్యాక్టర్, అంటే కంపెనీ ఏజెంటు, కూర్చునే చోటు కాబట్టి ఫ్యాక్టరీ. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వాళ్లు తెరిచిందీ ఇలాంటిదే. లండన్ ఓడలు వేసవిలో మాత్రమే వచ్చేవి. ఆ అదను తప్పితే మళ్లీ ఏడాదే.

అక్కడినుంచి హేస్ నది మీద యార్క్ పడవల్లో రెడ్ రివర్‌కు, ఇప్పటి విన్నిపెగ్ ప్రాంతానికి, వచ్చాను. నన్ను కొన్న మెటీ వేటగాడి తల్లి క్రీ జాతి మనిషి, తండ్రి ఫ్రెంచివాడు. కోటలో బల్ల మీద మమ్మల్ని వరసగా పెట్టారు. అతను గుమాస్తా మాటలేవీ వినిపించుకోలేదు. నన్ను ఎత్తి ఎడమవైపు తిప్పాడు. అక్కడ చేప పొలుసుల్లాంటి గీతలతో మెలికలు తిరిగిన ఇత్తడి పాము ఉంటుంది. కొందరు డ్రాగన్ అంటారు. లాక్‌ను బిగించే మరల తలలు ఆనుకోవడానికి పెట్టిన పలక అది. ఆ పనికి రేకుముక్క చాలు. కానీ పాము లేని తుపాకీని నకిలీ అని పక్కన పెట్టేసేవారు. తర్వాత కుడివైపు లాక్ మీద కూర్చున్న నక్క ముద్ర చూశాడు. అది కంపెనీ పరీక్షించిన తుపాకీ అనడానికి గుర్తు. అప్పుడు గొట్టం లోపలికి తొంగిచూశాడు. చివరికి చేతికి ఉన్నితొడుగు వేసుకుని ట్రిగ్గర్ గార్డులో వేలు పెట్టి చూశాడు. మా గార్డు మిగతా తుపాకుల కంటే బాగా పెద్దది. మైనస్ నలభైలో వట్టి వేలితో ఇనుము తాకితే చర్మం అక్కడే అతుక్కుపోతుంది మరి.

ఈ ఏరుకోవడం అతనితో మొదలైంది కాదు. నాకంటే వందేళ్లు ముందే, ఫ్రెంచి వర్తకులు పోటీగా ఉన్న రోజుల్లో, ఇంగ్లీషు తుపాకీ బరువుగా ఉందనీ, చలికి గొట్టం పగిలిందనీ, లాక్ మొరాయించిందనీ క్రీ వేటగాళ్లు కోటలో మొహం మీదే చెప్పేవారు. అవన్నీ ఉత్తరాలై లండన్ కమిటీకి చేరేవి, అక్కడినుంచి మా తయారీదారులకు తాఖీదులు వెళ్లేవి. ఆర్థర్ రే అనే చరిత్రకారుడు కంపెనీ లెక్కల పుస్తకాలు తిరగేసి, వీళ్లు దొరికింది పుచ్చుకునే జనం కాదనీ, తమకేం కావాలో తెలిసిన కొనుగోలుదారులనీ రాశాడు. నా అభిప్రాయం అడిగితే, నా ఒంటి మీద సగం రూపం లండన్‌ది కాదు, వాళ్లదే.

నేను వయసులో ఉన్నప్పటి పని చెప్పాలి. అడవిదున్నల వేట. 1840లో ఒక్క వేటకు 1,210 బండ్లు, 1,630 మంది కదిలారని ఆ రోజుల్లో రెడ్ రివర్‌లోనే ఉన్న అలెగ్జాండర్ రాస్ రాసిపెట్టాడు. దుమ్ములో గుర్రం దూకుతుంటే నా యజమాని బుగ్గలో నాలుగు గుండ్లు పెట్టుకునేవాడు. అరచేతితో అంచనాగా మందు పోసి, నోట్లోంచి గుండు గొట్టంలోకి ఉమ్మి, నా పిడిని జీను మీద ఒక్క దెబ్బ కొట్టేవాడు. కడ్డీ తీసే తీరికెక్కడిది! కొందరు నిప్పు రంధ్రాన్ని కాస్త పెద్దది చేయించుకునేవారు, ఆ దెబ్బకు రంజకం దానంతటదే గిన్నెలోకి రావడానికి. ముక్కు దించితే గుండు జారిపోతుంది కాబట్టి దింపీ దింపకుండానే పేల్చాలి. గుండు నిలబడకపోతే గొట్టం పగిలి వేళ్లు పోయేవి. అలా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు శిబిరంలో కనిపించేవారు.

చెకుముకి రాయి బదులు చిన్న రాగి క్యాపుతో పేలే క్యాప్ తుపాకులు వచ్చాక మా పని అయిపోయిందన్నారు. ఏమీ కాలేదు. రాగి క్యాపులు ఓడలో రావాలి. అవి అడవిలో అయిపోతే ఆ తుపాకీ కర్రతో సమానం. నాకు చెకుముకి రాయి చాలు. అందుకే మిగతా లోకం వదిలేశాక కూడా కంపెనీ చాలా ఏళ్లు చెకుముకి తుపాకులు తెప్పించింది. వెనకనుంచి తూటా పెట్టే తుపాకులు వచ్చాకే మాకు గిరాకీ తగ్గింది. నా తోటి తుపాకుల్లో కొన్నింటి గొట్టాలను ఆడవాళ్లు సాగగొట్టి, అంచున పళ్లు కోసి, తోళ్లు గీకే పనిముట్లు చేసుకున్నారు. ఇత్తడి పాముల్ని కొందరు మెళ్లో వేసుకున్నారు. పనికిరానిదేదీ పారేయని ఇళ్లవి.

నేను ఎలాగో అటక మీద బతికి, మైదానంలోని ఒక చిన్న మ్యూజియం గాజుపెట్టెలోకి వచ్చాను. వచ్చేవాళ్లలో మందుగుండు వేటగాళ్లు ఎక్కువ. మానిటోబాలో లేడి వేటకు మజిల్‌లోడర్లకు, అంటే గొట్టం ముందునుంచి మందు దట్టించే తుపాకులకు, వేరే సీజన్ ఉంది. ఆ తుపాకులు చేసే కంపెనీల్లో థాంప్సన్ సెంటర్ మేలా, సీవీఏ మేలా, ఇటలీ పెడెర్సోలీ మేలా అని నా ముందే వాదులాడుకుంటారు. ఇక్కడి చట్టంలో ఒక తమాషా ఉంది. నాలాంటి చెకుముకి పొడుగు తుపాకీని నిన్న తయారుచేసినా పురాతన వస్తువు కిందే లెక్క, క్యాప్ తుపాకీ నకలైతే లైసెన్సు కావాలి. ఆ వాదన వింటుంటే నాకు అనిపించేది ఒక్కటే. తుపాకీ ఎవరు చేశారని, దానికి నిప్పెలా అంటుకుంటుందని అడుగుతున్నారుగానీ, మీరు ఏ చలిలో, దేన్ని, ఎంత దూరంలో కొట్టాలో ఎవరూ ముందు అడగరు.

మొన్న ఒక తెలుగు కుటుంబం వచ్చింది. “తాతయ్యా, ఇది నిజంగా పేలుతుందా?” అన్నాడు మనవడు. “ఇది నాటు తుపాకీ లాంటిదేరా. మందు దట్టించి, రాయి బాగుంటే ఎందుకు పేలదు?” అన్నాడు పెద్దాయన. తర్వాత గాజు దగ్గరకొచ్చి బోర్డు చదివాడు. బార్నెట్, 1838, నక్క ముద్ర, ఇత్తడి సర్పం. “పామెక్కడుంది తాతయ్యా?” అని పిల్లవాడు అటూ ఇటూ వంగి వెతికాడు. వాడికి కనపడదు. మ్యూజియం వాళ్లు పేరు కనిపించాలని నా కుడివైపును జనానికి పెట్టి, ఎడమవైపును గోడకు తిప్పారు.