స్థానభ్రంశ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: ఒకానొక మనుష్యుడు తూర్పుగా 3 కి.మీ., పిమ్మట తూర్పు నుండి ఉత్తరం వైపు 60° కోణమున 4 కి.మీ., అటుపై పడమరగా 5 కి.మీ. నడిచెను. వాని స్థానభ్రంశమెంత?

టీక: 'మనుష్యుడు', 'నడిచెను' అనునవి స్పష్టములు. ఎవడు, ఎందుకు నడిచెనను ఆకాంక్ష భౌతికశాస్త్రమునందు నిషిద్ధము. 'స్థానభ్రంశము' కనబడినంతనే గైడు వ్యాఖ్యాతలు సమాంతర చతుర్భుజ సూత్రమును పఠింతురు: రెండు సదిశల పరిమాణముల వర్గములకు, వాటి లబ్ధమును రెట్టించి నడిమి కోణపు కొసైన్‌తో గుణించి కలిపి, వర్గమూలము తీయవలెనట. తొలి రెండు నడకలకు √37 వచ్చును. మూడవ నడక రాగానే వ్యాఖ్యాతకు దగ్గు వచ్చును. ఆ సూత్రమున మూడవదానికి చోటు లేదు. √37 తూర్పుకు 34.7° పైన ఉన్నదని తేల్చి, పడమరతో దాని కోణము 145.3° అని పట్టి, మళ్లీ మొదటి నుండి పారాయణము చేయవలెను.

అన్వయమొక్కటే గతి. ఇందుకు ప్రమాణం మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి. రఘువంశానికి సంజీవని, మాఘానికి సర్వంకష, కిరాతార్జునీయానికి ఘంటాపథం రాసిన ఆ మహానుభావుడు అంతా అన్వయముఖంగానే చెబుతాననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ప్రతిజ్ఞ పట్టాడు. విశేషణం మొదటి పాదంలో, విశేష్యం నాలుగో పాదంలో పడి ఉన్నా, విభక్తి చూసి రెంటినీ ఒకచోట కూర్చోబెడతాడు. భారవి రాసిన ఆ కిరాతార్జునీయం పదిహేనో సర్గలో ఇంచుమించు నకారంతోనే నడిచే శ్లోకం ఒకటుంది; చదివేవాడికి నత్తి పట్టుకునే ఆ శ్లోకానికి కూడా ఆయన తొణక్కుండా అన్వయం కుదిర్చాడు. ఆ సర్గలోనే గతప్రత్యాగతాలు, సర్వతోభద్రం... అన్నట్టు, మన మనుష్యుడు ఇంకా నడుస్తూనే ఉన్నాడు. ప్రతి నడకనూ తూర్పు, ఉత్తరం అంశాలుగా విడదీసి, ఒకే దిక్కువాటిని ఒకే విభక్తి పదాల్లా ఒకచోట కూర్చోబెడదాం. తూర్పు విభక్తిలో ఉన్నవి 3, 4 కొసైన్ 60° అంటే 2, పడమర నడకకు −5, మొత్తం సున్నా. ఉత్తరానికి ఉన్నది 4 సైన్ 60° ఒక్కటే. బయలుదేరిన చోటికి సరిగ్గా ఉత్తరాన, సుమారు 3.46 కి.మీ. దూరంలో ఉన్నాడు. అంతే.

పరీక్షలో సూత్రమే త్వరగా తెమలదా అని పూర్వపక్షం. సదిశలు రెండే అయితే తెములుతుంది, కాదనను. కానీ ఆ సూత్రం పుట్టిందే అంశాల నుంచి: రెండో సదిశను మొదటిదాని వెంట కొంత, దానికి లంబంగా కొంత అని విడదీసి, వర్గాలు కలిపితే వచ్చేది అదే. పుట్టుక దాచి ఫలశ్రుతి మాత్రం పిల్లలచేత వల్లె వేయిస్తున్నారు. అక్షాలు మార్చితే అంశాలూ మారతాయి కదా, అలాంటి వాటిని నమ్మేదెలా అని మరో ఆక్షేపణ. మారేవి అంశాలే, మనిషి చేరిన చోటు కాదు. కాబట్టి లెక్కకు వీలైన అక్షాలను ఎంచుకోవచ్చు. అసలు ప్రమాదం వేరే ఉంది: అడ్డానికి కొసైన్, నిలువుకు సైన్ అని మంత్రంలా నేర్పడం. కోణాన్ని ఉత్తరం నుంచి కొలిచి ఇచ్చిననాడు తూర్పు అంశానికి సైనే వస్తుంది. సూత్రానికి మూడు రంగుల పెట్టె కట్టిన పుస్తకం ఈ ఒక్క మాటకు చోటు చూడలేకపోయింది.