డల్లాస్ నుంచి ఊడుస్తున్నాడు

తెలుగువాళ్ళ ఇళ్ళలో చీపురుకున్నన్ని నిబంధనలు ఆర్టీవో ఆఫీసులో కూడా ఉండవు. నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి. తొక్కకూడదు, కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. వచ్చినవాళ్ళ కంటబడకూడదు, తలుపు చాటున ఉండాలి. మనిషికి తగలకూడదు. సంధ్యదీపం పెట్టాక ఊడిస్తే చెత్తతోపాటు లక్ష్మి కూడా వెళ్ళిపోతుంది. ఎవరైనా ఊరికి బయల్దేరితే, వాళ్ళు వీధి మలుపు తిరిగి, బస్సెక్కి, వీలైతే దిగేదాకా ఇంట్లో చీపురు ముట్టకూడదు. ఏజెన్సీ నుంచి వచ్చే కొండచీపురుకైనా, పెరట్లో కట్టుకున్న కొబ్బరీనెల చీపురుకైనా ఇవే సెక్షన్లు. మా ఇంట్లో ఈ చట్టానికి సుప్రీంకోర్టు మా అమ్మ. అప్పీలు లేదు.

అలాంటి ఇంటికి మా అబ్బాయి డల్లాస్‌లో కూర్చుని ఆన్‌లైన్లో ఒక రోబో వాక్యూమ్ క్లీనర్ పంపించాడు. పదో తరగతి దాకా తన కంచం తాను తీయని వాడు, హాస్టల్లో గది ఊడవాల్సి వస్తుందని రూమ్మేటుకు సినిమా టిక్కెట్లు కొనిచ్చినవాడు, ఇప్పుడు రాజమహేంద్రవరం దానవాయిపేటలో మా హాలు దుమ్ము గురించి బెంగ పెట్టుకున్నాడు. "మీరిద్దరూ వంగలేరు నాన్నా, మామ్మ ఎలాగూ వంగలేదు" అన్నాడు. మామ్మ వినేసింది. అక్కడే మొదటి కేసు నమోదైంది.

యంత్రం గుండ్రంగా, జానెడు కన్నా కాస్త వెడల్పుగా ఉంది. మా అమ్మ దాన్ని "పీట" అంటుంది. వీపు మీద ఒక బుడిపె. అడుగున రెండు చక్రాలు, మధ్యలో దొర్లే పెద్ద బ్రష్షు, పక్కన మూడు రెక్కల చిన్న బ్రష్షు, వెనక చిన్న చెత్తడబ్బా, తడిగుడ్డ తగిలించుకునే పలక. గోడవారన దానికో గూడు. ఛార్జింగు అయిపోవస్తే పని ఆపి ఆ గూటికి తనే వెళ్ళి నిలబడుతుంది, కడుపు నిండాక ఆపిన చోటి నుంచి మళ్ళీ మొదలెడుతుంది. ఫోనుకు కలపడానికి పక్కింటి బీటెక్ కుర్రాడొచ్చాడు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే అది లొంగుతుందట, 5కి లొంగదట. ఆ ముక్క తేలేసరికి మూడు కాఫీలయ్యాయి.

మావాడు ఫోన్లో గుణగణాలు చదివాడు: "సక్షన్ 4000 పాస్కల్స్ నాన్నా!" ముప్ఫయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పినవాడి దగ్గర పాస్కల్ పేరెత్తితే ఊరుకుంటాడా? మన నెత్తిన ఉన్న గాలే 1,01,325 పాస్కళ్ళ ఒత్తిడితో మనల్ని నొక్కుతోంది. 4000 అంటే అందులో నూటికి నాలుగు పాళ్ళు. గొట్టం పెట్టి నీళ్ళను 40 సెంటీమీటర్లు పైకి లాగే శక్తి. గోదావరి గట్టు మీద కొబ్బరిబోండాంలో గొట్టం వేసుకుని తాగే పిల్లవాడు అందులో సగం శక్తిని ఏ వైఫై లేకుండా ఉత్పత్తి చేస్తున్నాడు. పైగా ఈ అంకె మూతి మూసి కొలిచేది. దుమ్మును నిజంగా లేపుకుపోయేది గాలి ఎంత జోరుగా ప్రవహిస్తోందన్నది. కాబట్టి అయిదు వేలు, పదివేలు అని పెట్టె మీద అచ్చేసినవి చూసి ఎవరూ మురిసిపోనక్కర్లేదు. ఇదంతా చెప్పేసరికి అవతల మావాడు మీటింగుందని పెట్టేశాడు. విద్యార్థిగా ఉన్నప్పుడూ అంతే.

పీల్చడమనే ఆలోచన మాత్రం నాకెంతో ఇష్టమైనది. 1901 ప్రాంతంలో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరుండేవాడు. ఆయన చూసిన యంత్రం దుమ్మును ఊదేది. అంటే ఈ గదిలోది ఆ గదిలోకి బదిలీ. ఊదే బదులు పీలిస్తే పోలా అనుకున్నాడాయన. అనుకుని, ఒక హోటల్లో మెత్తటి కుర్చీ మీద జేబురుమాలు పరిచి, దాని మీద నోరు పెట్టి గట్టిగా పీల్చాడు. ఉక్కిరిబిక్కిరై దగ్గాడు గానీ, రుమాలు తిప్పి చూస్తే అడుగున నల్లగా దుమ్ము. సిద్ధాంతం రుజువైంది. ఆ తర్వాత ఆయన చేసిన యంత్రం గుర్రబ్బండి మీద వీధిలో నిలబడితే, గొట్టాలు కిటికీల్లోంచి ఇళ్ళలోకి వెళ్ళేవి. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబే తివాచీలు దాంతోనే దులిపారు. ఈ కథ చెబితే మా ఆవిడ అడిగింది ఒక్కటే: "ఆ రుమాలు ఎవరు ఉతికారండీ?"

దానంతటది తిరిగే రకం అంగట్లోకి రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 2001లో స్వీడన్ వాళ్ళ ఎలక్ట్రోలక్స్ ట్రైలోబైట్ అమ్మింది. 2002లో అమెరికాలో ఐరోబాట్ కంపెనీ రూంబా తెచ్చింది. తొలి రూంబాలకు ఇంటి పటం తెలియదు. గోడకు కొట్టుకుని, ఇంకోవైపు తిరిగి, మళ్ళీ కొట్టుకుని, ఎలాగో అంతా కలియదిరిగేవి. మా సబ్జెక్టులో దీన్ని తాగుబోతు నడక అంటారు, నేను కల్పించింది కాదు. ఇప్పటివాటికి వీపు మీది బుడిపెలో లేజరు గిరగిరా తిరుగుతూ, నాలుగు దిక్కులా దేనికెంత దూరమో కొలిచి పటం గీసుకుంటుంది. నేనెక్కడున్నాను, నా చుట్టూ ఏముంది అన్న రెండు ప్రశ్నలకూ నడుస్తూనే జవాబు వెతుక్కుంటుంది. ఉపనిషత్తులకు అందులో ఒక ప్రశ్నే చాలింది.

సరే, కేసుల సంగతి. ఇంతకీ ఇది చీపురా, కాదా అన్నది మొదటి వాదం. "మిక్సీ లాంటిదే అత్తయ్యగారూ, మిషను" అని మా ఆవిడ వాదించింది. మా అమ్మ పీటను వెల్లకిలా తిప్పించి, ఆ మూడు రెక్కల బ్రష్షును వేలితో చూపించి, "ఇదేమిటమ్మాయ్ మరి? పుల్లలు లేవూ?" అంది. తీర్పు వచ్చేసింది: చీపురే. కాబట్టి అన్ని సెక్షన్లూ వర్తిస్తాయి. చిక్కేమిటంటే ఈ చీపురు నట్టింట్లో అందరికీ కనబడుతూ ఉంటుంది. దానికదే వచ్చి మనిషి కాలికి తగులుతుంది. పడక్కుర్చీలో ఉన్న మా అమ్మ పాదానికి మెత్తగా కొట్టుకుని, వెనక్కి తగ్గి, పక్కకు తిరిగి వెళ్ళింది. మామూలుగా తొక్కినవాళ్ళు దండం పెట్టాలి. ఇక్కడ తొక్కింది చీపురు. దండం ఎవరు ఎవరికి పెట్టాలో శాస్త్రంలో లేదు.

అసలు గొడవ సంధ్యవేళ వచ్చింది. మావాడు డల్లాస్‌లో పిల్లల్ని బడి దగ్గర దింపి, కాఫీ చేతిలో పట్టుకుని, అమ్మానాన్నలకు సేవ చేద్దామని ఫోన్లో మీట నొక్కేది వాళ్ళ ఉదయం ఎనిమిదింటికి. వేసవిలో మనకప్పుడు సాయంత్రం ఆరున్నర. ఇక్కడ మా ఆవిడ దేవుడి దగ్గర దీపం వెలిగించి అగ్గిపుల్ల ఆర్పుతుంటే, హాల్లో ఆడగొంతు ఇంగ్లీషులో "క్లీనింగ్ మొదలుపెడుతున్నాను" అని ప్రకటించి బయల్దేరేది. లక్ష్మిని వాడు టెక్సాస్ నుంచి గెంటేస్తున్నాడని మా అమ్మ ఫోన్లోనే తగులుకుంది. రెండు రోజులు ఆలోచించి వాడొక సెట్టింగు కనుక్కున్నాడు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా కదలకుండా నిషేధం. దేవుడి గుమ్మం ముందు, ముగ్గున్నంత మేరా, ఎర్ర గీతతో చతురస్రం గీశాడు. ఆ గీత నేల మీద కనబడదు, ఫోన్లోనే ఉంటుంది. పీట మాత్రం దాని దాకా వచ్చి వెనుదిరుగుతుంది. మా అమ్మ మొదటిసారి దానివంక కాస్త గౌరవంగా చూసింది. ఇంట్లో మనుషులకే ఆ క్రమశిక్షణ లేదంది, నావంక చూస్తూ.

ఆ ముగ్గుకు ముందో చరిత్ర ఉంది లెండి. గీత గీయకముందు పీట ఒక శుక్రవారం పొద్దున్న పద్మం ముగ్గును రేకు రేకుగా తినేసింది. అంత సన్నటి పిండి ఫిల్టరులోకి పోతే అది మూసుకుపోతుంది. పాత టూత్‌బ్రష్షుతో నేను దులుపుతూ కూర్చున్నాను. అన్నట్టు ఈ దులపడం అనేది ప్రకటనల్లో ఎక్కడా ఉండదు. వారానికోసారి దాన్ని వెల్లకిలా పడేసి, పెద్ద బ్రష్షు ఊడదీస్తే, చివర్ల బేరింగుల దగ్గర మూడు తరాల జుట్టు బిగిసి ఉంటుంది: మా అమ్మవి తెల్లవి, మా ఆవిడవి సగం సగం, సెలవులకొచ్చి వెళ్ళిన మనవరాలివి పొడుగ్గా నల్లవి. యంత్రంతోపాటు ఇచ్చిన చిన్న కత్తితో అడ్డంగా కోసి, పాయలు పాయలుగా లాగాలి. డబ్బా విప్పితే అగరొత్తి పుల్లల తునకలు, పోపులోంచి ఎగిరిన ఆవాలు, ఎండిన కరివేపాకు, చీర అంచు దారం. ఒకసారి మా ఆవిడ దిద్దు శీల. అది దొరికిన రోజున ఈ యంత్రం మీద ఆవిడకున్న అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. ఇప్పుడు ఏం పోయినా ముందు డబ్బా వెతుకుతుంది. నా పింఛను కాగితాలు కూడా.

ఉపయోగాలు లేవనను. చీపురుతో ఊడిస్తే సగం దుమ్ము చేటలోకి, సగం నా ముక్కులోకి వెళ్ళేది. సుద్దముక్క పొడి ముప్ఫయ్యేళ్ళు పీల్చిన ముక్కది, ఏ కాస్త దుమ్ము లేచినా తుమ్ములందుకుంటుంది. ఈ పీట దుమ్ము లేపదు, మింగుతుంది. పొద్దుటి తుమ్ములు బాగా తగ్గాయి. దివాన్ కిందికి మనిషన్నవాడు వెళ్ళి ఏళ్ళయింది. ఇది రోజూ వెళ్ళి వస్తుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఇస్పేటు రాణిని ఈడ్చుకొచ్చింది. ఆ ముక్క లేకనే మా పేకాట బృందం విడిపోయింది.

పనమ్మాయి మాత్రం లొంగలేదు. మొదటి రోజు నడుం మీద చేతులు పెట్టుకుని చివరిదాకా చూసింది. "గుండ్రంగా ఉంది కదండీ, మూలల్లోకి ఎలా వెళ్తుందండీ?" అంది. నిజమే, వెళ్ళదు. ఆ చిన్న బ్రష్షు మూలల్ని బుజ్జగిస్తుందే తప్ప ఊడవదు. తర్వాత ఆవిడ అసలు మాట అంది: "అది తిరిగేముందు మీరు కుర్చీలెత్తుతున్నారు, చెప్పులు తీస్తున్నారు, వైర్లు చుడుతున్నారు, అమ్మగారు కర్టెన్లు ముడేస్తున్నారు. నాకెప్పుడైనా ఇలా సర్దిపెట్టారా అండీ? పది నిమిషాల్లో ఊడ్చి పోయేదాన్ని." నాకు జవాబు తోచలేదు. అమెరికాలో జార్జియా టెక్ వాళ్ళు రూంబాలున్న ఇళ్ళను పరిశోధించి 2007లో రాసిన పత్రంలో, జనం వాటికి పేర్లు పెట్టుకుంటున్నారని, ఒకరు రాంబో అని పిలుచుకున్నారని ఉంది. ఇల్లు దానికి అనువుగా సర్దుకుంటున్నారనీ గమనించారు. మా పనమ్మాయికి అదంతా ఒక్క పూటలో తేలింది, గ్రాంటు లేకుండా.

గడప దగ్గర మాత్రం సైన్సు ఓడిపోయింది. ఇలాంటి యంత్రాలు మామూలుగా రెండు సెంటీమీటర్ల ఎత్తు ఎక్కుతాయి. మా ఇంటి గడపలు మా తాతయ్య హయాంలో చేయించిన టేకువి, బెత్తెడు ఎత్తు. పసుపు రాసిన గడపను పీట గోడ కిందే జమకట్టింది. ఐరోబాట్ వాళ్ళ ప్యాక్‌బాట్ రోబోలు అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా సైన్యంతో తిరిగాయి, 2011లో ఫుకుషిమా అణు కేంద్రంలోకి వెళ్ళాయి. అదే వంశపు యంత్రం దానవాయిపేటలో గడప దాటలేక "దయచేసి నన్ను ఎత్తి వేరే చోట పెట్టండి" అని ఇంగ్లీషులో వేడుకుంటుంది. మా ఆవిడ చంకనేసుకుని పడగ్గదిలో దింపి వస్తుంది. హాల్లో మొజాయిక్ నేలకు చుట్టూ నల్లటి పట్టీ ఉంది. మెట్ల మీంచి పడిపోకుండా దాని అడుగున ఇన్‌ఫ్రారెడ్ కళ్ళుంటాయి. నలుపు ఆ కాంతిని మింగేస్తుంది కాబట్టి, వెలుగు తిరిగి రాకపోయేసరికి అది ముందర అగాధం ఉందనుకుని ఆగిపోతుంది. "గడపలు తీయించి, నేల మార్పిద్దాం నాన్నా" అన్నాడు మావాడు. "వాడికి నచ్చకపోతే ఇల్లే మార్చేసేట్టున్నాడు. గడప కన్నా ముందు నన్ను దాటమని చెప్పు" అని మా అమ్మ కేసు కొట్టేసింది.

దసరాకు ఆయుధపూజలో స్కూటరు, మిక్సీ, గ్రైండరుతో పాటు పీటకూ పూజ జరిగింది. మా ఆవిడ భక్తిగా ముందర ఉన్న నల్లటి అద్దం మీద గంధం పూసి, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది. గూడు ఎక్కడుందో చూసుకునే కన్ను అదే. ఆ పూట ఊడవడం ముగించి, ఇంటికి దారి తెలియక, గూటి ముందే అటూ ఇటూ పచార్లు చేసి, చివరికి దివాన్ కింద సొమ్మసిల్లింది. "అమ్మవారు పూనింది" అని మా అమ్మ తేల్చింది.

మావాడికి రోజూ ఫోన్లో మా హాలు పటం వెళ్తుంది: ఎంత మేర ఊడ్చింది, ఎక్కడ ఆగింది, ఏది అడ్డొచ్చింది. బీరువా జానెడు జరిపితే "ఎందుకు జరిపారు, మీరొక్కరే జరిపారా?" అని ఫోను. పడక్కుర్చీ చోటు మారితే "మామ్మకి ఒంట్లో బాగుందా?" అని ఫోను. ఇదివరకు ఆదివారం ఒక్కసారి మాట్లాడేవాడు, అదీ పిల్లల అల్లరిలో సగం వినబడేది కాదు. ఇప్పుడు కుర్చీ కోళ్ళ గురించే అరగంట మాట్లాడతాడు. మా ఆవిడ కొన్నిసార్లు ఊరికే స్టూలు తెచ్చి హాలు మధ్యలో పెడుతుంది. నేను చూడనట్టు ఊరుకుంటాను.

మొన్న మే నెలలో పొద్దున్నే ఫోనొచ్చింది. "అమ్మా, తూర్పు గోడ వారన గుండ్రంగా మూడు కనబడుతున్నాయి. ఆవకాయ పెట్టారా?"

మూడోనాడు కలపాల్సిన జాడీలు, వాసెన కట్టి అక్కడే ఉన్నాయి. మా ఆవిడ మొహం చాటంతైంది.

"పోయినేడు నాలుగు కదా! నాకెన్ని కిలోలు పంపుతున్నారు? బెల్లం ఆవకాయ విడిగా పెట్టారా, లేదా?"

"చూశావటే, పీట చాడీలు చెబుతోంది!" అంది మా అమ్మ పడక్కుర్చీలోంచి. "ఆ జాడీల చుట్టూ కూడా ఎర్ర గీతేదో గీయించు."

"గీయాల్సింది వాడే అత్తయ్యగారూ."