నేను కన్సెషన్ ఫారాన్ని

నాది ఒక్క పలుచని కాగితం ఒళ్ళు. రోగి పేరు, వయసు, ఎక్కే స్టేషను, దిగే స్టేషను, అడుగున డాక్టర్ సంతకం, ఆసుపత్రి ముద్ర. అంతే. కానీ రిజర్వేషన్ కౌంటర్‌లో నన్ను ఇస్తే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఛార్జీ మొత్తం మాఫీ. తోడు వెళ్ళే ఒక మనిషికి 75 శాతం తగ్గింపు. గుండె ఆపరేషన్‌కో, కిడ్నీ మార్పిడికో, డయాలసిస్‌కో వెళ్ళేవాళ్ళ కోసం నా తోబుట్టువులు వేరే ఉన్నారు. 2020 మార్చిలో రైల్వే వాళ్ళు వృద్ధుల రాయితీతో సహా ఎన్నో ఆపేశారు. రోగులది, దివ్యాంగులది, విద్యార్థులది మాత్రం ఉంచారు. అలా మిగిలినందుకు నాకు గర్వం.

నా మీద రాసింది ధర్మాబాద్‌లోని ఒక తల్లి పేరు. నాందేడ్ జిల్లాలో తెలంగాణ సరిహద్దున ఉంటుంది ఆ ఊరు, బాసరకు దగ్గర. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. మిర్చి మార్కెట్లో తొడిమలు తీసే పని ఆమెది. చేతులు ఎంత కడిగినా ఆ ఘాటు పోదు. నన్ను పట్టుకున్న చోటల్లా నాకూ అంటింది.

రొమ్ములో గడ్డ అని తేలాక ముంబయి పరేల్‌లోని టాటా ఆసుపత్రికి వెళ్ళమన్నారు. వైద్యానికి మహారాష్ట్ర సర్కారు ఫులే జన ఆరోగ్య పథకం ఉందన్నారు. మరి నాందేడ్ నుంచే సుమారు 600 కిలోమీటర్లు, పోను రాను ఇద్దరికి టికెట్లు ఎవరిస్తారు? ఆ మాట ఎవరూ ఎత్తలేదు. వెండి కడియాలు కుదువపెట్టి తల్లీ కొడుకూ బయలుదేరారు. అప్పటికి నేను ఆసుపత్రిలో ఒక కట్ట అడుగున, అడిగేవాళ్ళు లేక పడి ఉన్నాను.

దాదర్‌లో గాడ్గే మహారాజ్ ధర్మశాలలో పక్క మంచం ముసలాయన చెబితేనే నా సంగతి వాళ్ళకు తెలిసింది.

“అవ్వా, ఈ కాగితం ఉంటే నీకు టికెట్ పైసలు పడయట,” అన్నాడు కొడుకు.

“గీ ముచ్చట మొదట్నే ఎవలన్న చెప్తే నా కడాలు ఇంట్ల ఉంటుండె గదరా కొడుకా.”

ఆ మాట విన్నప్పటి నుంచి, చెప్పాల్సిన చోట నోరు విప్పని ప్రతి ఒక్కరి మీదా నాకు కోపమే.

తర్వాతి చెకప్ కోసం నన్ను నింపారు. ఎక్కే స్టేషన్ దగ్గర నాందేడ్ అని పడింది. కొడుకు చెబితే కొట్టేసి పైన ధర్మాబాద్ అని రాశారు. ఆ దిద్దుబాటు పక్కన డాక్టర్ పొట్టి సంతకం పెట్టాలి. పెట్టించలేదు. అర నిమిషం పని.

ఊరికొచ్చాక కౌంటర్ దగ్గర ఆ కొట్టివేత చూసి నన్ను వెనక్కి తోశారు. మళ్ళీ ముంబయి వెళ్ళి రాయించుకురావాలంటే ముంబయికే టికెట్ కావాలి కదా! కొడుకు బతిమాలాడు. వెనక లైన్లో జనం గొణిగారు. చివరికి జనరల్ టికెట్లు కొన్నారు. కీమో మందుతో జుట్టంతా రాలిన ఆ తల్లి రాత్రంతా బోగీ తలుపు పక్కన, మరుగుదొడ్డి వాసనలో, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆమె ఒడిలోని ప్లాస్టిక్ కవర్లో, స్కాన్ ఫిల్ముల మధ్య నేనున్నాను. ఆమెకు పడుకునే బెర్తు ఇప్పించడానికే పుట్టి, ఆమె ఒళ్ళోనే పనికిరాకుండా ఉండటం కంటే నాకు శిక్ష ఏముంటుంది? పనైపోయిన నా తోటివాళ్ళు కౌంటర్ వెనక గుండుసూది గుచ్చుకుని పడుంటారు. వాళ్ళ మీద నాకు అసూయగా ఉంటుంది.

ఆ విడత కొత్త ఫారం తప్పు లేకుండా రాయించుకున్నారు. ఆమె పడుకునే ఇంటికొచ్చింది. నన్ను మాత్రం ఆ కొడుకు పారేయలేదు. మడతల దగ్గర చిరిగితే టేపు అతికించాడు. ధర్మాబాద్‌లో, బిలోలీలో, దెగ్లూర్‌లో ఎవరింట్లో పరేల్ ప్రయాణం అని తెలిసినా నన్ను తీసుకుని వెళ్తాడు. మొన్న ఒక ఇంట్లో నన్ను చాప మీద పరిచి వేలు పెట్టి చూపించాడు: “అన్నా, ముద్ర గిక్కడ సాఫ్‌గ పడాలె. స్టేషన్ పేరు మీ ఊరిదే రాయించు. గీడ కొట్టేసిండ్రు సూడు, గసొంటిది ఉంటె డాక్టర్ సంతకం పెట్టిచ్చేదాంక కుర్సీ కాడికెల్లి లెవ్వకు.”