కూటికి కోటెందుకు సారూ?

తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ ఉన్నతాధికారుల సముఖమునకు,

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల తిండిప్రియుల తరఫున ఒక సామాన్యుడు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

విషయం: వినోద పార్కులలోను, థీమ్ హోటళ్లలోను రాత్రి భోజనానికి ఏం కట్టుకుని రావలెనో తెలుపుతూ ఉత్తర్వులు ఇప్పించుట గురించి.

ఆర్యా,

మా మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న, దసరా పండుగ పూట ఒక్కసారే పుట్టాయి. కలెక్టర్లొచ్చారు, ఎస్పీలొచ్చారు, బోర్డులు మారాయి. చెప్పుకోదగ్గ వినోద పార్కు ఒక్కటీ రాలేదు. పిల్లలు మారాం చేస్తే హైదరాబాద్ బాట పట్టాల్సిందే. జనగామ వాళ్లకు ఫర్వాలేదు, ఎనభై ఐదు చిల్లర కిలోమీటర్లే. మానుకోట (మహబూబాబాద్) వాళ్లు రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగుతారు. భూపాలపల్లి వాళ్లకు ఆ రైలూ లేదు, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు బస్సులోనే. తెల్లారకముందు ఇస్త్రీ చేసి తొడుక్కున్న అంగీ రాత్రి భోజనం బల్ల దగ్గరికి చేరేసరికి ఏ రంగులో ఉంటుందో తమరు ఊహించగలరు. అసలు తంటా అక్కడే మొదలవుతుంది.

రామోజీ ఫిల్మ్ సిటీనే తీసుకోండి. 1996 నుంచి ఉంది, ప్రపంచంలోనే అతిపెద్ద సినిమా స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగితే జనగామ వాళ్లకు అదేమంత దూరం కాదు. లోపల ఒక హోటలు పేరు ఆలంపనా, ఇంకోటి గన్‌స్మోక్. మొదటిదాంట్లో మొగలాయి దర్బారు, రెండోదాంట్లో అమెరికా పసుల కాపరుల వాలకం. మా సందేహమల్లా ఒక్కటే. ఆలంపనాకు పోతే షేర్వానీ తొడగాలా? గన్‌స్మోక్‌కు పోతే నెత్తిన అంచుల టోపీ పెట్టాలా? నిజాం దర్బారుకు పోయేవాళ్లకు నెత్తిన దస్తార్, నడుముకు బగ్లూస్ అని ఒక లెక్క ఉండేది. ఇప్పుడు మాకు మణికట్టుకు టికెట్టు పట్టీ తప్ప మరో లెక్క లేదు.

రావిర్యాలలోని వండర్‌లాలో ఈ ఇబ్బంది లేదు. 2016లో తెరిచిన ఆ పార్కులో నీళ్లలోకి దిగాలంటే నైలాన్ లాంటి బట్టలే ఉండాలి, చీరా నూలు బట్టా కుదరవు. కొంగు ఎక్కడైనా చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది, నూలు పోగులు నీటిని వడగట్టే ఫిల్టర్లకు అడ్డం పడతాయి. కారణం చెబితే మేమెందుకు వినం? మా అత్తమ్మలు కూడా మోకాళ్ల దాకా నైలాన్ తొడుక్కుని, సిగ్గుపడి, పది నిమిషాల్లో ఆ సిగ్గు మరిచి అలల్లో అరిచారు. కారణమున్న నియమానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ప్రభుత్వం తరఫున భోజనానికి బట్టల నియమం పెట్టిన అనుభవమూ మనకుంది. 1796లో కట్టిన సంగారెడ్డి జైలును మ్యూజియం చేసి, 2016లో జైళ్ల శాఖ ‘ఫీల్ ద జైల్’ అని ఒక పథకం పెట్టింది. అప్పట్లో ఐదు వందలు కడితే ఒక రోజు ఖైదు. ఖద్దరు జత, పళ్లెం, గ్లాసు వాళ్లే ఇచ్చేవారు, జైలు కూడే తినాల్సి వచ్చేది. ఏం తొడుక్కోవాలన్న గందరగోళమే ఉండేది కాదు. నాకు తెలిసి రాష్ట్రంలో ఇంత స్పష్టమైన భోజన వస్త్రధారణ నియమం ఇంకెక్కడా చూడలేదు. దాన్ని చూసి నేర్చుకున్నారో ఏమో, తర్వాత పట్నాల్లో జైలు థీమ్ మండి హోటళ్లు పుట్టాయి. ఊచల వెనక కూర్చోవాలి, ఖైదీ చారల చొక్కాలోనో పోలీసు బట్టల్లోనో ఉన్నవాళ్లు వడ్డిస్తారు. తెలంగాణ సాయుధ పోరాటంలో జైలుకు పోయిన తాతల మనవలు ఇప్పుడు డబ్బులిచ్చి ఊచల వెనక మటన్ మండి తింటున్నారు. చరిత్ర ఇంత రుచిగా తిరగబడుతుందని ఎవరనుకున్నారు!

మండికి ఏం కట్టుకోవాలన్నది మాత్రం అనుభవం మీద తేలిపోయింది. నేల మీద పరుపులు, మధ్యన నలుగురికీ ఒకటే పళ్లెం. బిగుతు జీన్సులో సక్లముక్లం పెట్టుకుని కూర్చుంటే అన్నం సగమయ్యేసరికి కాళ్లు మొద్దుబారతాయి. పొడుగు చేతుల అంగీ అయితే మణికట్టుకు నెయ్యి. అన్నింటికంటే ముఖ్యం, బూట్లు బయట విడవాలి. మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు ఉందన్న సంగతి సరిగ్గా వియ్యంకుడి ఎదురుగా బయటపడుతుంది. ఆ లెక్కన మండికి లుంగీని మించింది లేదు. గాలి ఆడుతుంది, కాలు ఎటైనా మడవొచ్చు, పొట్ట పెరిగితే ముడి వదులు చేసుకోవచ్చు. కానీ లుంగీలో పోతే గేటు దగ్గరే నిలబెడతారేమోనని మా భయం.

మా గుండెకోత అసలు పల్లె థీమ్ హోటళ్లతోనే. మొన్న వరంగల్ హైవే మీద అలాంటిదొకటి, పేరెందుకులెండి, చూశాను. ద్వారానికి ఎడ్లబండి చక్రాలు, లోపల కందిళ్లు, ఇత్తడి బిందెలు, గోడకు నాలుగు మేకులు కొట్టి బిగించిన నల్ల గొంగడి. వడ్డించే పిల్లలకు తలపాగా, ధోతి. ఆ ధోతికి కుచ్చిళ్లు కుట్టేసి నడుముకు ఎలాస్టిక్ వేశారు, పరుగెత్తినా ఊడదు. అదే సమయంలో జనగామ దిక్కు నుంచి ఒక కుటుంబం దిగింది. మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్సులో మనవరాలు, వెనకాల ధోతి, రుమాలు, చేతికర్రతో తాత. గేటు మనిషి మనవరాలికి సలాం కొట్టాడు. తాతను మాత్రం ఆపి, ‘ఎవరు కావాలె పెద్దమనిషీ?’ అన్నాడు.

‘బువ్వ కావాలె బిడ్డా’ అన్నాడు తాత.

లోపలికైతే పంపారు, అది వేరే సంగతి. తాత కూర్చోగానే తలపాగా పిల్లవాణ్ని ఏ ఊరని అడిగాడు. ‘బాలాసోర్’ అన్నాడు ఆ ఒడిశా పిల్లవాడు. ఆ తర్వాత గోడ మీది గొంగడిని తడిమి చూసి, ‘చింతగింజల గంజి మంచిగనే పెట్టిండ్రు, దులపకుంటే పురుగు పడతది’ అని తీర్పు చెప్పాడు. ఆ హోటల్లో గొంగడి గురించి తెలిసిన మనిషి ఆయనొక్కడే. గేటు దగ్గర అడ్డు తగిలిందీ ఆయన ఒక్కడికే.

ఆర్యా, గేటు ముందు బట్టలు చూసి మనిషిని తూచే పద్ధతి మా ప్రాంతానికి కొత్తకాదు. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ లాంటి దొరల గడీల ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి, భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకోవాలి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగిన పోరాటం భూమి కోసమే కాదు, ఆ కండువా భుజం మీదే ఉండాలని కూడా. అలాంటి ఊళ్లవాళ్లం మేం. రేపెవరైనా గడీ థీమ్ పెట్టి, నిజంగానే కండువా తీయిస్తే మాత్రం మా వాళ్లు బిల్లు కట్టకుండానే వస్తారు, ముందే చెబుతున్నాను.

మానుకోట తండాల అవ్వల సంగతీ చూడండి. అద్దాలు కుట్టిన పేటియా, కాంచళి, జుట్టుకు వేలాడే వెండి, చేతుల నిండా గాజులు. ఆ ముస్తాబుతో ఏ థీమ్ హోటలుకెళ్లినా ఫొటో దిగుతామని పదిమంది వస్తారు, కుర్చీ జరిపేవాడు ఒక్కడుండడు. గేటు దగ్గర లోహం కనిపెట్టే కర్ర అవ్వ ఒళ్లంతా తిరిగి ఆగకుండా కూస్తుంది. నగలు తీయమంటే ఆమె తీయదు, తీయాల్సిన పనీ లేదు.

మరి ఆ మనవరాలి జీన్సులకు సలాం ఎందుకంటారు? వాటి పుట్టుక తెలిస్తే తమరికీ నవ్వొస్తుంది. 1873 మే 20న జేకబ్ డేవిస్ అనే దర్జీ, లెవీ స్ట్రాస్ అనే బట్టల వర్తకుడు కలిసి రాగి మేకులు కొట్టిన ప్యాంటుకు పేటెంటు తీసుకున్నారు. కొన్నదెవరు? గని కార్మికులు, కూలీలు. అమెరికా గనుల ప్యాంటు వేసుకుంటే దర్జా అంటున్నారు. భూపాలపల్లిలో కేటీకే బొగ్గు గని షిఫ్టు దిగిన సింగరేణి కార్మికుడు ఆ బట్టల్లోనే భోజనానికి వస్తే ఏమంటారు? బొగ్గు మరకకూ, కంపెనీలో చేసి చింపిన చిరుగుకూ మధ్య తేడా ఏమిటో ఉత్తర్వుల్లో వివరించగలరు.

ఈ గొడవ మనదొక్కటే కాదు. 2014 జూలైలో చెన్నైలో క్రికెట్ సంఘం క్లబ్బుకు పంచెకట్టులో వెళ్లిన హైకోర్టు న్యాయమూర్తినే లోపలికి రానివ్వలేదు. ఆ మరుసటి నెలలోనే తమిళనాడు చట్టం తెచ్చింది. పంచె కట్టాడని బహిరంగ స్థలంలో ఎవరినైనా ఆపితే ఏడాది దాకా జైలు, పాతిక వేల జరిమానా. 2024 జూలైలో బెంగళూరులో సినిమాకు వచ్చిన రైతును పంచె కట్టాడని ఒక మాల్ వాళ్లు ఆపితే, సర్కారు ఆ మాల్‌ను ఏడు రోజులు మూయించింది. పొరుగు వాళ్లకు పంచె మీద ఇంత పట్టింపు ఉన్నప్పుడు ధోతి కట్టే మనకెందుకు లేదు?

పెద్ద దేశాల తీరు చూద్దామంటే అదీ విచిత్రమే. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో ‘విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్’ అని 1988 నుంచి ఒక ఖరీదైన భోజనశాల ఉంది. నిక్కర్లు, జీన్సులు, హవాయి చెప్పులు పనికిరావు. పదేళ్లలోపు పిల్లలకు అసలు ప్రవేశమే లేదు, ఉన్నదేమో పిల్లల లోకంలో! అదే డిస్నీ పార్కుల్లో మామూలు రోజుల్లో పద్నాలుగేళ్లు దాటినవాళ్లు పాత్రల వేషాలు వేసుకుని రాకూడదు. వేషం వేసే హక్కు ఉద్యోగులదే, చూసే హక్కే మనది. ఆ తర్కం ప్రకారం ఆ జనగామ తాత ధోతి కట్టుకుని వస్తే అది వేషమవుతుందా, బట్టలవుతాయా? ఒడిశా పిల్లవాడిది ఉద్యోగమని తెలుసు. తాతది జీవితమని మాత్రం ఏ బోర్డూ చెప్పదు.

కాబట్టి మా విన్నపాలు:

1. నీళ్ల దగ్గర, యంత్రాల దగ్గర పెట్టే బట్టల నియమానికి పక్కనే కారణం కూడా తెలుగులో రాయించాలి. కారణం రాయలేని నియమం తీసేయించాలి.

2. గోడకు వేలాడదీసింది, వడ్డించేవాళ్ల ఒంటి మీద ఉన్నది అతిథి కట్టుకుని వస్తే ఆపరాదు. గొంగడితో వచ్చినవాడికి ఏసీ ఎదురుగా ఉన్న బల్ల ఇవ్వాలి. ఆ చలిని తట్టుకోగలిగింది ఆయనొక్కడే.

3. భూపాలపల్లి బస్సు దిగినవాళ్లకు భోజనానికి ముందు మొహం కడుక్కుని బట్టలు మార్చుకునే గది ఉండాలి. శుభ్రమైన బట్టలు కావాలంటే ముందు నీళ్లివ్వాలి కదా.

4. తండా అవ్వల నగలు కూస్తే ఆడ మనిషి చూసి పంపాలి. ఫొటో అడిగినవాళ్లు ముందు కుర్చీ వెయ్యాలి.

5. తమిళనాడు చట్టం ప్రతి ఒకటి తెప్పించుకుని చదవాలి. ధోతి, లుంగీ, పేటియా, గొంగడి చేర్చి మన దగ్గరా అలాంటిది తేవాలి.

కూటి కోసం కోటి విద్యలన్నారు పెద్దలు. కోటు అనలేదు.

చివరగా ఒక మాట. ఇల్లు కట్టుకునే అనుమతుల కోసం 2020లో మన రాష్ట్రం తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టంలో 21 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టేనని ఉంది. ఆ పద్ధతి మాకు బాగా నచ్చింది, ఈ దరఖాస్తుకూ దాన్నే వర్తింపజేసుకుంటున్నాం. 21 రోజులు చూస్తాం. 22వ రోజు రాత్రికి ధోతుల్లో, పేటియాల్లో, లుంగీల్లో వస్తున్నాం. ఎంతమందికి వండాలో హోటళ్లకు తమరే కబురు పెట్టగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడు జిల్లాల తరఫున ఒక భోజనప్రియుడు